ఫ్యామిలీ వ్యాన్‌లో శాటిలైట్ రేడియో: అమెరికాలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాత హోండా ఒడిస్సీ. ఇద్దరు పిల్లలు, ఏడాదికి కనీసం ఒక పెద్ద రోడ్ ట్రిప్. కొన్నప్పుడు అందులో శాటిలైట్ రేడియో (చందా కట్టి, ఉపగ్రహం నుంచి నేరుగా వినే రేడియో) లేదు. మొదట ఒక షాపులో పెట్టించాను. ఏడాది తిరగకుండానే అది మూగబోయింది. అప్పుడు నేనే విప్పి, నేర్చుకుని, మళ్లీ బిగించాను. అప్పటినుంచి తెలిసినవాళ్లలో ఎవరు పాత వ్యాన్ కొన్నా ఫోన్ చేస్తున్నారు. పాట్‌లక్‌లో ప్లేటు చేతిలో పట్టుకుని అడుగుతారు, గుడి పార్కింగ్‌లో బానెట్ ఎత్తి అడుగుతారు. ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి కదా, మళ్లీ ఈ రేడియో ఎందుకండీ?

ఊళ్లో తిరిగే బండికి అవసరం లేదు. ఆఫీసు, బడి, గుడి, కాస్ట్‌కో, ఇంతవరకే అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి. దీని విలువ తెలిసేది సెల్ సిగ్నల్ లేని చోట. యూటాలో ఐ-70 మీద గ్రీన్ రివర్ దాటాక సలైనా వచ్చేదాకా దాదాపు 110 మైళ్లు గ్యాస్ స్టేషన్ కూడా ఉండదు. ఆ దారిలో చాలాసేపు మా రెండు ఫోన్లలోనూ సిగ్నల్ గీత ఒక్కటి లేదు. మా చిన్నది వింటున్న పాట మధ్యలో ఆగిపోయి, తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. రేడియో మాత్రం ఆగలేదు. పశ్చిమ టెక్సాస్, నెవాడా, మోంటానా దారుల్లోనూ ఇదే అనుభవం. పాటలైతే ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వార్తలు, లైవ్ ఆటల కామెంటరీ డౌన్‌లోడ్ చేసుకోలేం కదా. ఏడాదికి ఒక్కసారైనా అలాంటి దారి పట్టే కుటుంబమైతే పెట్టించుకోండి.

ఇది ఎలా పనిచేస్తుంది? బండి మీద డిష్ పెట్టాలా?

డిష్ ఏమీ వద్దు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద యాంటెన్నా చాలు. అమెరికాలో ఈ సేవ ఇచ్చేది ఇప్పుడు ఒక్కటే కంపెనీ, సిరియస్ ఎక్స్ఎం. ఎక్స్ఎం 2001లో, సిరియస్ 2002లో ప్రసారాలు మొదలుపెట్టి, 2008లో రెండూ కలిసిపోయాయి. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాలు 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రసారం చేస్తాయి. పెద్ద ఊళ్లలో భవనాలు అడ్డొస్తాయి కాబట్టి అక్కడ నేల మీద రిపీటర్ టవర్లు అదే ప్రసారాన్ని మళ్లీ అందిస్తాయి. పాత ఉపగ్రహాల స్థానంలో కొత్తవి పంపుతూనే ఉన్నారు. 2020 డిసెంబరులో పంపిన ఎస్ఎక్స్ఎం-7 పరీక్షల దశలోనే పాడైతే, 2021 జూన్‌లో ఎస్ఎక్స్ఎం-8ని పంపారు.

మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. అమెరికా నుంచి చూస్తే ఈ ఉపగ్రహాలు ఎక్కువగా దక్షిణ దిక్కున ఉంటాయి. ఆ వైపు ఆకాశం కనిపిస్తే సిగ్నల్ అందుతుంది.

సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొన్నాం. అందులో ఇప్పటికే ఉందేమో ఎలా తెలుస్తుంది?

స్టీరియో మీద ఎస్ఎక్స్ఎం, ఎక్స్ఎం లేదా శాట్ అనే బటన్ ఉందేమో చూడండి. ఉంటే బండిని ఆరుబయట నిలిపి, అది నొక్కి, 0 నంబరు ఛానల్‌కి వెళ్లండి. చాలా రేడియోల్లో అక్కడ రేడియో ఐడీ కనిపిస్తుంది. ఐడీ కనిపించిందంటే లోపల ట్యూనర్ (ఉపగ్రహ సిగ్నల్‌ని పట్టుకునే భాగం) ఉన్నట్టే, కొత్తగా ఏమీ బిగించక్కర్లేదు, చందా కడితే చాలు. పైకప్పు మీద సొరచేప రెక్కలాంటి యాంటెన్నా ఉంది కదా అని నమ్మకండి. అది ఎఫ్ఎం కోసమో జీపీఎస్ కోసమో పెట్టింది కావచ్చు. ఒకే ఏడాది ఒడిస్సీ, టొయోటా సియెన్నాల్లో కూడా కొన్ని ట్రిమ్‌లకే (ఒకే మోడల్‌లో సౌకర్యాలను బట్టి ఉండే రకాలకే) శాటిలైట్ రేడియో ఇచ్చారు.

తెలుగు పాటలు వస్తాయా?

తెలుగు కోసం అయితే దీన్ని పెట్టించుకోకండి. ఇంగ్లిష్ సంగీతం, వార్తలు, ఆటలు, కామెడీ, పిల్లల ఛానళ్లు, ఇదీ దీని బలం. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు అన్నమయ్య కీర్తనలు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాం. దారంతా ఆవిడకి అవీ, పిల్లలకి ఇదీ వంతులవారీగా నడిచాయి.

అలాస్కా, హవాయి, కెనడాల్లో పనిచేస్తుందా?

అలాస్కా, హవాయిల్లో ఉపగ్రహ సేవ లేదు, అక్కడ ఫోన్‌లో సిరియస్ ఎక్స్ఎం యాప్‌లో వినడమే. మిగతా 48 రాష్ట్రాల్లో వస్తుంది. కెనడాలోనూ సిగ్నల్ అందుతుంది కాబట్టి నయాగరా దాటి టొరంటో వెళ్లినా వింటూ వెళ్లొచ్చు.

మాది టెస్లా మోడల్ వై. దానికి పెట్టించొచ్చా?

మోడల్ 3, మోడల్ వైలలో శాటిలైట్ ట్యూనర్ లేదు. ఆ తెరను తీసి వేరే స్టీరియో పెట్టే పని కూడా కాదు. సొంత యాంటెన్నా ఉన్న చిన్న రేడియోను బ్లూటూత్‌తో కలపొచ్చు గానీ, పైకప్పంతా గాజు, అయస్కాంతం నిలవదు. అందులో యాప్ వాడుకోవడమే తెలివైన పని.

## ఏ సామాను కొనాలి

స్టీరియో మొత్తం మార్చాలా, చిన్న డబ్బా పెట్టుకుంటే చాలదా?

రెండు దారులున్నాయి. మొదటిది డాష్‌బోర్డు మీద అంటించుకునే చిన్న రేడియో. ఆనిక్స్ ప్లస్, రోడీ బీటీ, టూర్ లాంటివి ఈ కోవలోవి. పవర్ సాకెట్‌లో పెట్టి, యాంటెన్నా వైరు తగిలించి, బండి స్పీకర్లకు కలపడమే. స్టీరియో విప్పక్కర్లేదు, బండి మారితే తీసుకుపోవచ్చు. రెండో దారి ఉన్న స్టీరియో తీసేసి, సిరియస్ ఎక్స్ఎం రెడీ అని రాసి ఉన్న కొత్తది పెట్టి, దాని వెనక ఎస్ఎక్స్‌వీ300 అనే ట్యూనర్ కలపడం. చూడటానికి నీట్‌గా ఉంటుంది, ఛానల్ పేరు, పాట పేరు పెద్ద తెర మీద కనిపిస్తాయి, వైర్లు వేలాడవు.

నా అభిప్రాయం అడిగితే, బండిని ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకుంటారనుకుంటే, కార్‌ప్లే (ఐఫోన్‌ను బండి తెర మీద వాడుకునే ఏర్పాటు) కోసం ఎటూ స్టీరియో మార్చాలనుకుంటుంటే, రెండోదే చేయండి. రెండేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే మొదటిది చాలు.

చిన్న రేడియోను ఎఫ్ఎం ద్వారా వినాలా, ఆక్స్ వైరు పెట్టాలా?

స్టీరియోకి ఆక్స్ సాకెట్ (బయటి పరికరం శబ్దాన్ని వైరుతో తీసుకునేది) ఉంటే కళ్లు మూసుకుని ఆక్స్ వాడండి. ఎఫ్ఎం పద్ధతిలో ఆ డబ్బా ఒక చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది, మీ స్టీరియో దాన్ని పట్టుకుంటుంది. అందుకు ఎఫ్ఎంలో ఖాళీ చోటు కావాలి. న్యూజెర్సీ, షికాగో, బే ఏరియా లాంటి చోట్ల ఖాళీ దొరకడమే కష్టం. దొరికినా ఇరవై మైళ్లు పోగానే ఇంకో స్టేషన్ వచ్చి మీద పడుతుంది, డ్రైవింగ్‌లో మళ్లీ ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి. పిల్లలతో హైవే మీద అది టెన్షన్ పని. ఆక్స్ లేని మరీ పాత బండి అయితే, స్టీరియో వెనక యాంటెన్నా వైరు మధ్యలో కలిపే ఎఫ్ఎం అడాప్టర్ దొరుకుతుంది. గాలిలో పంపే పద్ధతికంటే అది చాలా మేలు.

కొత్త స్టీరియో పెట్టాలంటే ఏమేం కొనాలి?

స్టీరియో, ట్యూనర్ కిట్, మీ బండి మోడల్‌కి సరిపోయే వైరింగ్ హార్నెస్ (బండి వైర్ల కట్ట) అడాప్టర్, ఖాళీ కనిపించకుండా మూసే డాష్ కిట్, ఫ్యాక్టరీ ఎఫ్ఎం యాంటెన్నా ప్లగ్గు అడాప్టర్. స్టీరింగ్ మీద వాల్యూమ్ బటన్లు పనిచేయాలంటే దానికి వేరే ఇంటర్‌ఫేస్ కావాలి. చాలామంది ఇదే మరిచిపోయి, తీరా బిగించాక బాధపడతారు. ట్యూనర్ కిట్‌లో అయస్కాంతం యాంటెన్నా వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

ఆర్డర్ పెట్టే ముందు బండి తయారైన ఏడాది, మోడల్, ట్రిమ్ మూడూ సరిచూడండి. వెనక సీట్లకు డీవీడీ తెర ఉన్న వ్యాన్లు, ఫ్యాక్టరీ యాంప్లిఫయర్ ఉన్న వ్యాన్లు అయితే హార్నెస్ మారిపోతుంది. తప్పు హార్నెస్ వస్తే విప్పిన డాష్‌బోర్డుతో మూడు రోజులు పిల్లల్ని బడికి దింపాల్సి వస్తుంది.

ఆన్‌లైన్‌లో ఎవరో లైఫ్‌టైమ్ చందా ఉన్న పాత రేడియో అమ్ముతున్నారు. కొనొచ్చా?

ఆ చందా మీ పేరుకి మారుతుందని అమ్మేవాళ్లు చెప్పినా, డబ్బు ఇచ్చే ముందు ఆ రేడియో ఐడీతో కంపెనీకి ఫోన్ చేసి అడగండి. వాళ్లు కాదంటే వదిలేయండి.

## బిగించే రోజు

నేనే చేసుకోగలనా, షాపుకి ఇవ్వాలా?

చిన్న రేడియో అయితే ఎవరైనా రెండు గంటల్లో చేయొచ్చు. స్టీరియో మార్చడం అయితే ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టుకోండి. కావలసినవి 10 మిల్లీమీటర్ల సాకెట్ స్పానర్, స్టార్ స్క్రూడ్రైవర్, ప్యానెళ్లు గీతలు పడకుండా లేపే ప్లాస్టిక్ పట్టీలు, జిప్ టైలు, టేపు, చిన్న టార్చి. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ లేపితే గీత పడటం ఖాయం. విప్పిన ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. స్క్రూలు వరుస తప్పకుండా ఒక ఇడ్లీ ప్లేటులో పెట్టుకోండి, ఒక్కో గుంటలో ఒక్కో ప్యానెల్‌వి. నేను అలాగే చేశాను, ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.

షాపుకి ఇచ్చేటట్టయితే ఒక్క మాట గట్టిగా అడగండి. యాంటెన్నా వైరు ఏ దారిన తెస్తారో బిగించకముందే చూపించమనండి.

యాంటెన్నా ఎక్కడ పెట్టాలి? డాష్‌బోర్డు మీద పెడితే సరిపోదా?

సరిపోదు. డాష్‌బోర్డు మీద పెడితే అద్దంలోంచి ముందువైపు ఆకాశం మాత్రమే కనిపిస్తుంది. ఉత్తరం వైపు వెళ్తుంటే ఉపగ్రహాలు మీ వీపు వెనక ఉంటాయి, పైకప్పు ఇనుము అడ్డం. దక్షిణం వెళ్తుంటే బాగా వస్తుంది, తిరుగు ప్రయాణంలో తెగుతుంది. రేడియో పాడైందని అనుకునేవాళ్లలో చాలామందిది నిజానికి ఈ సమస్యే.

యాంటెన్నా పైకప్పు మీద, బయట, ఇనుప రేకు మీద ఉండాలి. కింద ఉన్న లోహం దాని పనికి సాయపడుతుంది. అంచునుంచి, సన్‌రూఫ్ నుంచి, లగేజీ పట్టాల నుంచి కనీసం 3 అంగుళాలు ఎడం ఉంచండి. వ్యాన్‌లో రెండు మంచి చోట్లున్నాయి. ఒకటి వెనక డిక్కీ తలుపు పైన మధ్యలో, రెండోది ముందు అద్దం పైన మధ్యలో. వెనక పెడితే వైరు దాచడం సులువు, కానీ వైరు పొడవు దాదాపు 20 అడుగులే కాబట్టి ఒడిస్సీ, సియెన్నా లాంటి పొడుగు బండిలో డాష్‌బోర్డు దాకా బొటాబొటిగా వస్తుంది. ముందు ఒక తాడుతో ఆ దారంతా కొలిచి చూసుకోండి.

పెట్టే చోట మురికి లేకుండా తుడవండి. అయస్కాంతం కింద ఇసుక రేణువు ఉంటే, గాలికి అది కదిలి పెయింటు గీసేస్తుంది. 2015 నుంచి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అల్యూమినియం బాడీ బండ్లకు అయస్కాంతం అంటుకోదు, వాటికి అతికించే రకం కావాలి.

ఫ్యామిలీ బండికి ఇంకో సంగతి. సెలవుల్లో పైన కార్గో బాక్సు కడతాం, సైకిళ్లు కడతాం. బాక్సు ప్లాస్టిక్కే అయినా లోపల మడత కుర్చీల ఇనుప కాళ్లుంటే యాంటెన్నాకి ఆకాశం మూసుకుపోతుంది. బాక్సు ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని యాంటెన్నాకి చోటు ఎంచుకోండి.

వైరు లోపలికి ఎలా తేవాలి? కప్పుకి రంధ్రం చేయాలా?

రంధ్రం వద్దే వద్దు. వైరును వెనక తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కింద నొక్కుకుంటూ పక్కకి తెచ్చి, ఆ పక్కనే కిందికి దించి, వీలైనంత కింద చోట బీడింగ్ లోపలి వైపుకి తీసుకోవాలి. లోపలికి వచ్చే చోటుకి ముందు వైరు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి. అలా చేస్తే వాన నీళ్లు వైరు వెంట లోపలికి రావు, ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. పైన, తలుపు కీలు పక్కన మాత్రం ఎప్పుడూ దూర్చకండి.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా బండికి మొదట బిగించిన షాపువాళ్లు సరిగ్గా అక్కడే దూర్చారు. మా ఇంట్లో ఆ తలుపు రోజుకి పదిసార్లు తెరుచుకుంటుంది. సామాన్లు, స్కూలు బ్యాగులు, స్ట్రోలర్. ఎనిమిది నెలలకు తెర మీద చెక్ యాంటెన్నా అని వచ్చింది. నేను ప్యానెల్ తీసి చూస్తే, కీలు నొక్కిన చోట గుండ్రటి వైరు రిబ్బన్‌లా చప్పిడిగా అయిపోయింది. పై తొడుగు చిట్లి, లోపలి రాగి జల్లెడ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. గోరుతో తాకితే పొడి రాలింది. ఆ ఖాళీలోంచి నీళ్లు కారి లోపలి గుడ్డ కూడా అరచెయ్యంత మేర మరక పడింది. కొత్త యాంటెన్నా కొనడం తప్ప వేరే దారి లేకపోయింది.

లోపలికి వచ్చాక వైరును పక్క ప్యానెల్ వెనకగా కిందికి, అక్కడినుంచి కార్పెట్ కింద ముందుకి తేవాలి. జారుడు తలుపు దగ్గర జాగ్రత్త. దాని కింది పట్టాలో చక్రం నడుస్తుంది, కరెంటు తలుపు అయితే వైరును ఒక్క దెబ్బకి కత్తిరిస్తుంది. గడప ప్యానెల్ లేపి, పట్టాకి దూరంగా లోపలి వైపు కార్పెట్ కింద పెట్టండి. మిగిలిన వైరును అరచేయంత వెడల్పు చుట్టగా వదులుగా చుట్టి, గ్లవ్ బాక్సు వెనక జిప్ టైతో కట్టండి. మడత పెట్టకూడదు, కత్తిరించకూడదు.

అద్దాల పక్క స్తంభాల ప్యానెళ్లు విప్పితే ఎయిర్‌బ్యాగ్ పేలుతుందా?

పద్ధతిగా చేస్తే పేలదు, కానీ భయం ఉండటం మంచిదే. అద్దం పక్క స్తంభం మీద ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే, దాని లోపల, కప్పు అంచున కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడత ఉందని అర్థం. పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కనీసం 3 నిమిషాలు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టుకోకండి. మీ వైరు ఎయిర్‌బ్యాగ్ మీదుగా ఎన్నడూ పోకూడదు. అది విచ్చుకునేటప్పుడు వైరు అడ్డుపడితే బ్యాగ్ సరిగ్గా తెరుచుకోదు, వైరు కొరడాలా తగులుతుంది. అందుకే నేను స్తంభాల జోలికి పోకుండా నేల మీద కార్పెట్ కింద దారినే ఇష్టపడతాను.

హార్నెస్‌లో ఇన్ని రంగుల వైర్లున్నాయి, ఏది దేనికి?

కొత్త స్టీరియోలకు సాధారణంగా పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. ముందు ఎడమ స్పీకర్ తెలుపు, ముందు కుడి బూడిద రంగు, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. అదే రంగు మీద నల్ల గీత ఉంటే ఆ స్పీకర్ నెగటివ్. అడాప్టర్ వైర్లు కూడా ఇవే రంగుల్లో వస్తాయి కాబట్టి రంగుకి రంగు కలిపితే చాలు. బండి అసలు వైర్ల రంగులు మాత్రం వేరేగా ఉంటాయి, వాటిని చూసి కలపకండి. పసుపు, ఎరుపు తారుమారు చేస్తే తాళం తీసినప్పుడల్లా ఛానల్ ప్రీసెట్లు ఎగిరిపోతాయి.

బ్యాటరీ తీసి పెట్టాక పాత స్టీరియో కోడ్ అడుగుతోంది. ఇప్పుడెలా?

పాత హోండాల్లో ఇది దొంగతనం జరగకుండా పెట్టిన ఏర్పాటు. కోడ్ తరచుగా గ్లవ్ బాక్సు లోపల స్టిక్కర్ మీదో, బండి పుస్తకాలతో వచ్చిన చిన్న కార్డు మీదో ఉంటుంది. దొరక్కపోతే హోండా వెబ్‌సైట్‌లో బండి గుర్తింపు నంబరు (విన్), స్టీరియో సీరియల్ నంబరు ఇచ్చి తెలుసుకోవచ్చు. చిన్న రేడియో మాత్రమే పెట్టుకునేవాళ్లు బ్యాటరీ తీయకముందే ఈ కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకోండి.

వారంటీ పోతుందని డీలర్ అంటున్నాడు, నిజమా?

బయటి సామాను పెట్టినంత మాత్రాన మొత్తం వారంటీ పోదు. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం, మీరు పెట్టిన సామాను వల్లే ఆ పార్టు చెడిపోయిందని వాళ్లు చూపించాలి. వైరు షార్టై ఫ్యూజు బాక్సు కాలితే మాత్రం అది మీ మీదే పడుతుంది. లీజు బండి అయితే డాష్ విప్పకుండా చిన్న రేడియోతో సరిపెట్టుకోండి.

## యాక్టివేషన్, చందా

యాక్టివేట్ చేస్తే రావట్లేదు. ఏం తప్పు చేశాను?

ఎక్కువమంది గరాజ్‌లో కూర్చుని యాక్టివేట్ చేస్తారు. యాక్టివేషన్ ఆదేశం కూడా ఉపగ్రహం నుంచే రావాలి, గరాజ్ కప్పు కింద అది అందదు. బండిని బయట ఖాళీ స్థలంలో నిలిపి, రేడియో ఆన్‌లో ఉంచి, వెబ్‌సైట్‌లోనో ఫోన్‌లోనో రేడియో ఐడీ ఇవ్వండి. ఆ ఐడీలో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, ఎస్, ఎఫ్ వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే, ఎస్ లాంటిది 5. సాధారణంగా పది నిమిషాల్లోపు ఛానళ్లు తెరుచుకుంటాయి. రాకపోతే వెబ్‌సైట్‌లో సిగ్నల్ రిఫ్రెష్ పంపమని అడగండి, అప్పటిదాకా రేడియో ఆపకండి.

చందా ఎంత? తక్కువకి ఎలా దొరుకుతుంది?

ధరలు, ఆఫర్లు తరచుగా మారతాయి కాబట్టి అంకె రాయను. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర కాదు, రాయల్టీ ఫీజు, పన్నులు కలిపి చివరి మొత్తం ఎంతో చూడండి. ఆఫర్ అయిపోయాక పూర్తి ధరకి దానంతటదే రెన్యూ అవుతుంది. ఆ తేదీకి వారం ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, కాల్ చేసి, ఈ ధరకి కొనసాగించలేనని మర్యాదగా చెప్పండి. చాలాసార్లు తగ్గించి ఇస్తారు. మా ఇంట్లో ఆ ఫోన్ చేసేది మా ఆవిడే, తనకి ఉన్న ఓపిక నాకు లేదు.

మాకు రెండు బండ్లున్నాయి. ఒకే చందా సరిపోతుందా?

బండిలో బిగించిన ప్రతి రేడియోకి వేరే చందా. రెండోదానికి తగ్గింపు ఉందేమో అడగండి. రోజూ ఒక్క బండిలోనే వినేటట్టయితే, చిన్న రేడియోకి రెండో బండిలో ఇంకో డాక్ (రేడియోను నిలిపే స్టాండు), ఇంకో యాంటెన్నా మాత్రం కొని, రేడియోను అటూ ఇటూ మార్చుకుంటే ఒక్క చందాతో గడిచిపోతుంది.

క్యాన్సిల్ చేయడం చాలా కష్టమంటారు కదా?

ఆ ఫిర్యాదు కోర్టుదాకా వెళ్లింది. 2023 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ దీని మీదే దావా వేశారు. 2024 నవంబరులో అక్కడి కోర్టు ఆ రద్దు విధానం ఫెడరల్ చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చింది. మీరు చేయాల్సింది, మాట్లాడిన తేదీ, సమయం రాసి పెట్టుకోవడం, రద్దయినట్టు ఈమెయిల్ వచ్చేదాకా వదలకపోవడం, తర్వాతి నెల కార్డు స్టేట్‌మెంట్ చూడటం.

## వాడుతున్నప్పుడు

కొన్ని చోట్ల పాట ఆగి ఆగి వస్తోంది. రేడియో చెడిపోయిందా?

రోజూ ఒకే చోట ఆగితే రేడియో బాగానే ఉన్నట్టు, అక్కడ ఏదో అడ్డం ఉంది. టన్నెల్, పార్కింగ్ గరాజ్, దక్షిణం వైపు దట్టమైన చెట్లు, కొండ అంచు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఉపగ్రహాలు ఆకాశంలో కిందగా కనిపిస్తాయి కాబట్టి చెట్ల దెబ్బ ఎక్కువ. ఖాళీ మైదానంలో కూడా ఆగుతుంటే యాంటెన్నా వైరు, ట్యూనర్ వెనక ప్లగ్గు చూడండి. ప్లగ్గు టిక్కుమని లోపలికి కూర్చోవాలి. మంచు పడే చోట్ల యాంటెన్నా మీద గడ్డకట్టిన తడి మంచు తుడిచేయండి.

ఇంజిన్ స్పీడు పెంచితే స్పీకర్లలో కుయ్యిమని శబ్దం వస్తోంది.

అది ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసేది) శబ్దం. రేడియోకి కరెంటు ఒక దారిన, ఆక్స్ వైరు ద్వారా ఎర్త్ ఇంకో దారిన కలిసినప్పుడు వస్తుంది. పరీక్ష సులువు, పవర్ సాకెట్‌లో ఉన్న మిగతా ఛార్జర్లన్నీ తీసి వినండి. తగ్గితే ఆ ఛార్జరే కారణం. తగ్గకపోతే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న ఫిల్టర్ పెట్టండి, ఖరీదు తక్కువే. కొత్త స్టీరియో అయితే నల్ల ఎర్త్ వైరు రంగు గీకిన శుభ్రమైన లోహానికి గట్టిగా తగిలిందో లేదో చూడండి.

పిల్లలు వెనక ఉంటారు. బూతులు ఉండే ఛానళ్లు ఎలా ఆపాలి?

బిగించిన రోజే చేయవలసిన పని ఇది. పెద్దల మాటలుండే ఛానళ్ల పక్కన ఎక్స్ఎల్ అని గుర్తు ఉంటుంది. రేడియో సెట్టింగుల్లో పేరెంటల్ లాక్‌లోకి వెళ్లి నాలుగంకెల కోడ్ పెట్టి వాటిని మూసేయండి. ఆ కోడ్‌గా పిల్లల పుట్టినతేదీ పెట్టకండి, మొదట ప్రయత్నించేది అదే. ఎదురుగా కిడ్స్ ప్లేస్ లైవ్ లాంటి పిల్లల ఛానళ్లు ఒకటి రెండు ప్రీసెట్లుగా పెట్టండి. మా పెద్దాడు ఇప్పుడు బీటిల్స్ ఛానల్ తనే అడిగి పెట్టించుకుంటున్నాడు.

బండి అమ్ముతున్నాం. రేడియో సంగతి ఏం చేయాలి?

తాళాలు ఇచ్చేముందు చందా ఆపేయండి లేదా కొత్త బండి రేడియో ఐడీకి మార్పించుకోండి. చిన్న రేడియో, యాంటెన్నా తీసేయండి. చాలాకాలం ఉన్న అయస్కాంతాన్ని లాగకుండా పక్కకి వంచి లేపితే పెయింటు దెబ్బతినదు.

ఇండియాకి తిరిగి వెళ్తే ఈ రేడియో అక్కడ పనిచేస్తుందా?

పనిచేయదు. ఈ ఉపగ్రహాల ప్రసారం ఉత్తర అమెరికాకే. అక్కడ కార్లకు ఇలాంటి సేవ ఇప్పుడు లేదు, తీసుకెళ్లకండి.

ఒకప్పుడు మనకీ శాటిలైట్ రేడియో ఉండేదని గుర్తున్నవాళ్లు అడుగుతుంటారు. అది వరల్డ్‌స్పేస్. 2000 మార్చిలో పంపిన ఆసియాస్టార్ ఉపగ్రహం నుంచి వచ్చేది, ఎక్కువగా ఇంట్లో పెట్టుకుని వినేది. ఎక్స్ఎం కంపెనీ తొలిరోజుల్లో అందులో వరల్డ్‌స్పేస్ పెట్టుబడి కూడా ఉండేది. తెలుగుకి స్పందన అనే ఛానల్, కర్ణాటక సంగీతానికి శ్రుతి ఉండేవి. కంపెనీ 2008లో దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబరు 31తో ఇండియాలో సేవ ఆగిపోయింది. మా నాన్న ఆ రిసీవర్‌ని కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, దాని చిన్న యాంటెన్నాని ఉపగ్రహం వైపు తిప్పి, సిగ్నల్ గీతలు నిండేదాకా ఒక్కో అంగుళం జరిపేవారు. అది ఇప్పటికీ ఇంట్లో అలమరలో గుడ్డలో చుట్టి ఉంది.